నాన్న నమ్మిన ఊసరవెల్లి

మా నాన్న నూలుకు రంగులు అద్దుతాడు. ఇంటి వెనక రేకుల కొట్టంలో పొయ్యిల మీద గంగాళాలు, బయట తీగల మీద ఆరే నూలు చిలపలు, అంటే చుట్టలు. ఒక మధ్యాహ్నం కంచెలోని ఊసరవెల్లి వచ్చి ఆకుపచ్చ చిలప మీద కూర్చుంది. రెండూ ఒకటే రంగు. నాన్న మురిసిపోయాడు. మనిషి కన్ను పొరబడవచ్చు గానీ ఈ జీవి పొరబడదన్నాడు. అప్పటినుంచి పచ్చరంగు వేసినప్పుడల్లా దాని తీర్పు కోసం చూడటం మొదలుపెట్టాడు. నాన్న చెల్లెలు, మా అత్త, గంగాళం కలుపుతూ, అన్నయ్యకు ఇన్నాళ్ళకు తగిన మేస్త్రీ దొరికాడంది.

నిన్న తెరలు నేసే ఆయన కోసం లేతాకు రంగు వేశారు. పెద్ద సరుకు. ఆయన ఇవాళ మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్ళాలి. పొద్దున్నే నాన్న ఊసరవెల్లిని పుల్ల మీద ఎక్కించుకొచ్చి తడి చిలప మీద వదిలాడు. పనివాళ్ళందరూ చుట్టూ మూగారు. అది చూస్తుండగానే మాడిన రొట్టెలా నల్లబడింది.

నాన్న మొహం వాడిపోయింది. రంగు చెడిందన్నాడు. సరుకంతా నల్లరంగులో ముంచేద్దాం, పొయ్యి వెలిగించమని అత్తకు చెప్పాడు. నలుపెక్కిన నూలుకు మళ్ళీ వేరే రంగు రాదు.

నేను ఆ ఊసరవెల్లిని రోజూ కిటికీలోంచి చూస్తాను. కంచె మీద ఎండ పడేదాకా అది నల్లగానే ఉంటుంది. పిల్లి వచ్చినా అంతే. ఆ సంగతి చెప్పాలి. కానీ నలుగురిలో నోరు విప్పితే నా మాట నాకే వినబడదు. నాన్న చొక్కా పట్టుకుని ఏదో అన్నాను.

"అన్నయ్యా, నీ కూతురేదో అంటోంది. దోమైనా ఇంతకంటే గట్టిగా పాడుతుంది," అంది అత్త.

ఇక మాటలతో కాదనుకుని పుల్ల తీసుకున్నాను. ఊసరవెల్లిని ఎండ పడుతున్న చివరి తీగకు చేర్చాను. అక్కడున్నవి ఎర్ర చిలపలు. అందరినీ వెనక్కి జరగమని చేత్తో సైగ చేశాను. పొయ్యి రాజుకునేలోగా చూద్దామని నాన్న కూడా జరిగాడు. కాసేపు ఏమీ కాలేదు. అత్త ఆవలించింది. తర్వాత దాని వీపు మీద నలుపు విడిపోయి, మెల్లగా పచ్చదనం వచ్చింది. ఎర్ర నూలు మీద నిక్షేపంగా పచ్చగా కూర్చుని, ఒక కన్ను మావైపూ ఇంకో కన్ను ఈగవైపూ తిప్పింది.

"ఎర్రదాని మీద పచ్చగా ఉందేంటే?" అన్నాడు నాన్న.

"అది కింద ఏముందో చూసి మారదు నాన్నా. చలేసినా, భయమేసినా నల్లబడుతుంది. వెచ్చగా, నిమ్మళంగా ఉంటే పచ్చగా ఉంటుంది." ఈసారి నా మాట అందరికీ వినిపించింది.

"మరి ఇందాక?"

"ఇందాక నీ మొహం చూసింది."

ముందు అత్త నవ్వింది. తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు.

నాన్న పొయ్యి ఆర్పించి, లేతాకు చిలపను ఎండలోకి తెచ్చి అటూ ఇటూ తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. నిన్న వేసినప్పుడు తన కంటికి ఎంత బాగా తోచిందో అంత బాగానే ఉందని ఒప్పుకున్నాడు. మధ్యాహ్నం తెరలు నేసే ఆయన వచ్చి, ఇంత చక్కటి రంగు ఈ మధ్య చూడలేదని సరుకు బండికెక్కించుకున్నాడు.

ఊసరవెల్లి సాయంత్రం దాకా ఎర్ర నూలు మీదే ఈగలు పట్టుకుంటూ కూర్చుంది. దాన్ని ఎవరూ తరమొద్దని, ఇకమీదట ఏ పనీ చెప్పొద్దని నాన్న అన్నాడు.