గడువు తీరని డిపాజిట్

మా ఆయన డెల్బర్ట్‌కు డబ్బు భయం పుట్టుకతో వచ్చింది కాదు, 2008లో పట్టుకుంది. పెట్టిన డాలరుకు డాలరు ఎప్పుడడిగినా తిరిగిస్తామన్న ఒక మనీ ఫండ్, డాలరుకు మూడు సెంట్లు తగ్గిందని ఆ ఏడాది టీవీలో విన్నాడు. అప్పట్నుంచి ఆ పేరెత్తితే చాలు, మండిపడేవాడు.

మా హార్డ్‌వేర్ దుకాణం అమ్మగా మిగిలిన లక్ష డాలర్లు, షేర్లూ బాండ్లూ కొనిపెట్టే బ్రోకరేజి కంపెనీ ఖాతాలో పడ్డాయి. వారం రోజులు వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని కూర్చుని, చివరికి ఆ ఖాతాలోంచే ఐదేళ్ల బ్యాంకు డిపాజిట్ కొన్నాడు.

"ప్రభుత్వ హామీ ఉంది, వెర్నా. అవసరమొస్తే మూణ్ణెల్ల వడ్డీ వాళ్ల మొహాన కొట్టి తీసేసుకుందాం. మన ఊరి బ్యాంకులో అలాగే చేశాంగా?" అన్నాడు. నేనూ తలూపాను.

రెండేళ్లకు ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఆరడుగుల మనిషిని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూముకి రోజుకు ఎనిమిదిసార్లు లేపాలి. నాకు డెబ్బై మూడేళ్లు. నా నడుం ఎప్పుడో చేతులెత్తేసింది. ఇంతలో చర్చివాళ్ల సంరక్షణ గృహంలో ఒక గది ఖాళీ అయింది. శుక్రవారంలోగా డబ్బు కట్టకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామన్నారు.

బ్రోకరేజికి ఫోన్ చేశాను. ముప్పావుగంట పాటలు వినిపించాక ఒకమ్మాయి పలికింది.

"దీన్ని బ్యాంకులోలా మధ్యలో తీసుకోడం కుదరదు మేడమ్. ఇంకొకరికి అమ్మాలి. వడ్డీరేట్లు పెరిగాయి కదా, పాత తక్కువ వడ్డీది పూర్తి ధరకు ఎవరు కొంటారు? ఇప్పుడైతే తొంభై ఒక్క వేలొస్తాయి."

"మరి ఆ హామీ ఎందుకమ్మా, గోడకు తగిలించుకోడానికా?"

"అది బ్యాంకు మునిగితే, మేడమ్. ఇంకో మూడేళ్లు ఆగితే మీ లక్షా మీకొస్తుంది. మనీ ఫండ్‌లో పెట్టుంటే రేపే చేతికొచ్చేది."

డెల్బర్ట్ పక్కనే కుర్చీలో కూర్చుని స్పీకర్లో అంతా విన్నాడు. తొమ్మిది వేలు ఊరికే పోతాయా, ఆగుదాం అంటాడనుకున్నాను. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. నావల్ల కావడం లేదు, డెల్. యాభై ఏళ్ల కాపురంలో ఆ మాట ఒక్కసారీ అనలేదు.

ఆయన కుడిచేత్తో నా ముంజేతిని తడిమాడు. పొద్దున లేపుతున్నప్పుడు ఆయన పట్టుకున్న చోట చర్మం కమిలిపోయి ఉంది.

"అమ్మెయ్," అన్నాడు. "ఎప్పుడెళ్లాలి నేను?"

తొమ్మిది వేలు పోయినందుకు నాకు ఏడుపు రాలేదు. నేను నోరు తెరవకముందే ఆయన వెళ్తాననడం తట్టుకోలేకపోయాను.

"అమ్మెయ్యమంటారా, మేడమ్?" ఫోన్లో ఆ అమ్మాయి రెండోసారి అడిగింది.

అమ్మెయ్యమన్నాను.