వయోలా కుర్చీకి కఫీల్

ఖైరున్‌బీకి ఈ లోకంలో గిట్టని మాట ఒకటుంది. స్పాన్సర్. టీవీలో క్రికెట్ మధ్య ఆ మాట వినబడినా ముఖం చిట్లించుకుంటుంది. కువైట్‌లో ఇరవై నాలుగేళ్లు బతికిన మనిషికి స్పాన్సర్ అన్నా కఫీల్ అన్నా ఒకటే. మన వీసా ఎవరి పేరు మీద ఉంటుందో, మన పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉంటుందో ఆ మనిషి.

అట్లాంటి మాట ఒక శుక్రవారం పొద్దున, అబూ హలీఫాలో తన వంటింట్లో, కన్నబిడ్డ నోటి నుంచే ఊడిపడింది.

మిస్బాకు పద్దెనిమిదేళ్లు. గడప మీద నిలబడి ఫోనులో వచ్చిన ఉత్తరాన్ని తెలుగు చేసి వినిపిస్తోంది. అమెరికాలో ఒహాయో అనే రాష్ట్రంలో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న చిన్న కాలేజీ అది. మొత్తం కలిపి రెండు వేల మంది పిల్లలు కూడా ఉండరు. మిస్బాకు సీటు ఇచ్చారు, చదువు ఖర్చు వాళ్లే పెట్టుకుంటామన్నారు, కాలేజీ ఆర్కెస్ట్రాలో వయోలా వాయించే కుర్చీ ఒకటి నాలుగేళ్లూ ఆమెదే అన్నారు. ఒప్పుకునేట్టయితే మే ఒకటో తేదీ లోపల పాస్‌పోర్టు నకలు పంపాలి.

"ఆ కుర్చీకి స్పాన్సర్ మిసెస్ ఎల్వుడ్ అని ఒకామె అంట అమ్మీ. నెలకొక ఆదివారం వాళ్లింటికి భోజనానికి పిలుస్తాదంట. ఇంట్లో మనిషి మాదిరి చూసుకుంటాదంట."

ఖైరున్‌బీ చేతిలో గరిటె ఆగిపోయింది.

"కుర్చీకి గూడా కఫీలా?"

"కఫీల్ కాదమ్మీ, స్పాన్సర్."

"అరబ్బీలో కఫీల్, ఇంగ్లీషులో స్పాన్సర్. నాకు నేర్పొద్దు. తినింది అయిపోయినాక గిన్నెలు ఎవురు కడగాలంట? అది రాసినారా ఉత్తరంలో?"

మిస్బా నవ్వింది. వాళ్లమ్మ నవ్వలేదు.

ఇంట్లో మనిషి మాదిరి అన్న మాట ఖైరున్‌బీ ఇంతకుముందు విన్నదే. రాయచోటిలో ఏజెంటు సరిగ్గా ఆ మాటే చెప్పి ఆమెను ఇంటిపనికి విమానం ఎక్కించాడు. అప్పుడు ఆమెకూ ఇంచుమించు ఇదే వయసు. ఇక్కడ దిగిన రోజే, ఇంటి గుమ్మంలో, మామా అని పిలవాల్సిన ఆ ఇంటి యజమానురాలు నవ్వుతూ చెయ్యి చాపి పాస్‌పోర్టు తీసుకుంది. ఇక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి కార్డు, ఇఖామా కోసమంది. ఇఖామా వచ్చింది గాని పాస్‌పోర్టు రాలేదు. మామా పడకగదిలో అత్తరు సీసాల బీరువాలో రెండో అరలో అది ఉండేది. వారానికొకసారి ఆ అర తుడిచేది ఖైరున్‌బీయే. చెయ్యి చాపితే అందేది. నాలుగేళ్లు తుడిచింది గాని తీసుకోలేదు. తీసుకుంటే దొంగతనమవుతుందని భయం ఒకటి, మామా తనంతట తాను ఇస్తుందని ఆశ ఇంకొకటి. చివరికి మామా తల్లి చచ్చిపోయిన దుఃఖంలో మెత్తబడి ఇచ్చింది. ఖైరున్‌బీ రాయచోటికి పోయి, అహ్మదిలో కాంట్రాక్టు కంపెనీ టెక్నీషియన్‌గా ఉన్న మునాఫ్‌ను పెళ్లి చేసుకుని, ఈసారి పెళ్లాం హోదాలో కువైట్‌లో దిగింది. అప్పటినుంచీ ఎవరైనా నవ్వుతూ చెయ్యి చాపితే ఆమె మొదట ఆ చేతినే చూస్తుంది.

మునాఫ్ దీనికి పూర్తిగా విరుద్ధం. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు కదా, ఆ జాతి. మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి ఉత్తరం సంగతి విని పొంగిపోయాడు.

"లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంట. లిబరల్ అంటే చెయ్యి ధారాళమని అర్థం. మంచోళ్లు మే."

"ఆర్ట్స్ అంటే బొమ్మలేసేది గదా. ఇది కెమిస్ట్రీ చదువుతానంటాంది. బొమ్మల కాలేజీలో కెమిస్ట్రీ ఏంది? కెమిస్ట్రీ చదివే పిల్లకు వాయించేదానికి కుర్చీ ఏంది? ఎవురో ముసలామె దానికి కూడు పెట్టేదేంది? మూడు చిక్కుముళ్లు ఉండాయి, మీకు ఒగటీ కనపడల్యా?"

మిస్బా ఓపిగ్గా విప్పి చెప్పింది. అక్కడ బొమ్మలొక్కటే కాదు, అన్నీ చెప్తారు. కెమిస్ట్రీ చదివే పిల్ల చరిత్ర కూడా చదవొచ్చు, సాయంత్రం ఆర్కెస్ట్రాలో కూర్చోవచ్చు. అందుకే చిన్న కాలేజీ. పెద్ద యూనివర్సిటీల్లో సంగీతం చదివేవాళ్లకే కుర్చీలు సరిపోవు.

"అయితే నిన్నే ఎందుకు పిలిచినారు?"

"వయోలా వాయించేవాళ్లు దొరకరు అమ్మీ. అందురూ వయొలిన్‌కే ఎగబడతారు."

అది నిజమే. ఫహాహీల్‌లో మిస్బా చదివే స్కూల్లో గోవా నుంచి వచ్చిన సంగీతం సారు ఒకాయన పిల్లలతో చిన్న ఆర్కెస్ట్రా నడుపుతాడు. ఆరో తరగతిలో వయొలిన్లన్నీ మిగతా పిల్లలు పట్టుకుపోగా, మూల మిగిలిన కాస్త పెద్ద వాద్యం మిస్బాకు దక్కింది. గొంతు బొంగురు. దాని పాట ఎప్పుడూ పైకి వినబడదు, ఆగిపోతే మాత్రం ఏదో తక్కువైనట్టు తెలుస్తుంది. ఏడేళ్లుగా ఆ బొంగురు గొంతు పక్క గదిలో వింటూ బియ్యం ఏరుకోవడం ఖైరున్‌బీకి అలవాటు. అది ఆగితే ఇల్లు ఇల్లులా ఉండదని ఆమెకు తెలుసు, పైకి మాత్రం ఎన్నడూ అనలేదు.

ఇప్పుడు అదీ ఒక అనుమానమైంది. ఎవరికీ పట్టని వాద్యానికి ఇంత మర్యాద ఎందుకు? ఇల్లు ఊడ్చేవాళ్లు దొరక్కనే కదా తననూ విమానమెక్కించి తెచ్చుకున్నారు.

మర్నాడు శనివారం, తండ్రీకూతుళ్లు సరుకులకు పోయినప్పుడు, ఖైరున్‌బీ బీరువా తెరిచి మిస్బా పాస్‌పోర్టు తీసింది. కొత్తది. పాతదాని గడువు తీరి ఇది చేతికొచ్చి పది రోజులైనా కాలేదు, ఫోనులో ఫోటో అయినా తీసుకోలేదు. ఒక ప్లాస్టిక్ కవరులో చుట్టి, పెద్ద పాలపొడి డబ్బాలో కందిబేళ్ల అడుగున పెట్టి మూత బిగించింది. దాచడం కాదని తనకు తాను చెప్పుకుంది. జాగ్రత్త అంతే. మే ఒకటి దాటితే ఉత్తరం దానంతటదే చెల్లకుండా పోతుంది, పిల్ల హైదరాబాదులో ఏదో ఒక కాలేజీలో చేరుతుంది, ఎవరూ ఎవరికీ కఫీల్ కారు.

ఆదివారం పాస్‌పోర్టు కనబడలేదు. సోమవారం మునాఫ్ బీరువాను ముందుకు లాగి గోడ వెనక టార్చి వేశాడు. ఖైరున్‌బీ కూడా వాళ్లతోపాటు వెదికింది, అందరికంటే ఎక్కువ వెదికింది.

"ఇంట్లో నుంచి యాడికి పోతాది?" అన్నాడు మునాఫ్ చెమట తుడుచుకుంటూ. "ఎవురన్నా తీసి పెట్టినారేమో."

"నన్నెందుకు అంటారు?" అంది ఖైరున్‌బీ.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. మునాఫ్ ఆమెను అననే లేదు. అతను గమనించలేదు గాని మిస్బా తల తిప్పి తల్లి వైపు ఒకసారి చూసింది.

మంగళవారం ఒంట్లో నలతగా ఉందని ఖైరున్‌బీ పడుకుంటే మిస్బాయే వంట చేసింది. బుధవారం నుంచి పిల్ల వెదకడం మానేసింది. అడగడమూ మానేసింది. సాయంత్రం తల్లి పక్కన చేరి, ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో, ఇంకొకటి ఆమె చెవిలో పెట్టింది.

"మూడు కాలేజీలు చూసినానమ్మీ. మూడింటి కచేరీలూ విన్నా. ఇది ఒకటోది. విను."

"బాగుండాది."

"ఒక్క తప్పు లేదు. నాకు అనుమానమొచ్చింది. పిల్లలు వాయిస్తే ఒక్క తప్పన్నా రాదా? వాయించినోళ్ల పేర్లు తీసి చూసినా. సగం మంది కూలికి పిలిపించినోళ్లు. పిల్లలు వెనక వరసలో ఊరికే కూర్చున్నారు. రెండోదాంట్లో సంగీతం చదివేవాళ్లకే కుర్చీ. ఇదో, ఇది మూడోది. ఈ మొక్కజొన్న కాలేజీ."

ఖైరున్‌బీ విన్నది. నడుమ ఒక చోట ఆ బొంగురు గొంతులు తడబడ్డాయి. ఆమెకు రాగం తెలియదు, తాళం తెలియదు. తడబాటు మాత్రం తెలిసింది. మిగతా వాద్యాలు కాస్త నెమ్మదించి, వీటిని కలుపుకుని, మళ్లీ ముందుకు పోయాయి.

"తప్పు పోయినారు గదా?"

"పోయినారు. వయోలాలు ముగ్గురే ఉండారు. తప్పు పోతే వాళ్ల కోసం మిగతా డెబ్బై మంది ఆగినారు. అందుకే నాకు ఇదే కావాల." మిస్బా ఆగి నెమ్మదిగా అంది. "నేను నీ బిడ్డనేమ్మీ. ఊరికే ఎవుర్నీ నమ్మను."

ఖైరున్‌బీకి ఆ మాటకు కడుపు నిండినట్టయింది. అయినా డబ్బా వైపు చూడలేదు. కచేరీ వేరు, కఫీల్ వేరు.

గురువారం సాయంత్రం మునాఫే దారి చూపించాడు. ఉత్తరంలో ఆ మిసెస్ ఎల్వుడ్ నంబరు ఉంది, తల్లిదండ్రులు ఎప్పుడైనా మాట్లాడవచ్చని రాసి ఉంది. "నీ అనుమానం ఏందో ఆమెనే అడుగు, ఖలాస్," అన్నాడు. ఇక్కడ అయిదు గంటలైతే అక్కడ పొద్దున పది.

ఫోను తెరలో డెబ్బై దాటిన తెల్ల ముసలామె కనబడింది. మాట్లాడుతుంటే ఆమె చెయ్యి వణుకుతోంది. నలభై ఏళ్లు వయోలా వాయించిందట. ఈ వణుకు వచ్చాక ఆపేసి, ఊళ్లోని కాలేజీలో తన వాద్యం వాయించే పిల్లకు ఆ కుర్చీ పెట్టిందట. నవ్వుతోంది. నవ్వు చూసి ఖైరున్‌బీ ఇంకా బిగుసుకుంది.

"గిన్నెల సంగతి అడుగు."

మిస్బా సిగ్గుపడుతూ అడిగింది. ముసలామె అర్థం కాక మళ్లీ అడిగించుకుని, జవాబు చెప్పింది.

"పిలిచిన ఇంట్లో ఎవురన్నా గిన్నెలు కడుగుతారా, మిషన్ ఉండాది, లేకుంటే నేనే కడుగుతా అంటాంది."

"ఇది వాయించేది నడుమలో మానేస్తే? వెనక్కి పంపిస్తారా?"

"మానేస్తే నాకు బాధ అయితాది, పిల్ల చదువుకు ఏమీ కాదు, సీటు ఇచ్చింది నేను కాదు అంటాంది."

ఖైరున్‌బీ చీర కొంగు వేలికి చుట్టుకుంది. అసలు ప్రశ్న ఇప్పుడు బయటికొచ్చింది.

"దీని పాస్‌పోర్టు ఎవురి దగ్గర ఉంటాది? ఆమె దగ్గరా, కాలేజీ దగ్గరా?"

మిస్బా ఆ ప్రశ్నను ఇంగ్లీషులో అడగడానికి కొంత సేపు పట్టింది. ముసలామె నవ్వు ఆగిపోయింది. వణికే చెయ్యిని ఇంకో చేత్తో పట్టుకుని ముందుకు వంగి ఏదో అంది. ఈసారి మిస్బా వెంటనే తెలుగు చెప్పలేదు.

"ఏమంటాంది?"

పిల్ల తల్లి కళ్లలోకి చూసింది. "పాస్‌పోర్టు పిల్ల దగ్గరే ఉంటాదంట. వేరేవాళ్ల పాస్‌పోర్టు ఎవురన్నా దాచిపెడతారా అని అడుగుతాంది, అమ్మీ."

ముసలామె అడిగింది ఖైరున్‌బీని కాదు. ఆమెకేం తెలుసు పాపం. అయినా ఖైరున్‌బీకి తల కొట్టేసినట్టయింది. అత్తరు వాసన ముక్కుకు తగిలింది. రెండో అర. తుడిచే గుడ్డ. ఇఖామా వచ్చాక ఆ మామా కూడా జాగ్రత్త కోసమే అంది కదా, పిల్లవి, పోగొట్టుకుంటావు అని.

ఆమె లేచి వంటింట్లోకి పోయింది. పాలపొడి డబ్బా మూత తీసి కందిబేళ్లలో మోచేయి దాకా చెయ్యి పెట్టింది. బేళ్లు గట్టు మీద, నేల మీద చిమ్మాయి. కవరు బయటికొచ్చింది. దాని చుట్టూ తాను రబ్బరు బ్యాండు వేయలేదు. ఇప్పుడు ఒకటుంది. మిస్బా జడకు వేసుకునే ఎర్ర రంగుది.

వెనక గడప మీద మిస్బా నిలబడి ఉంది. హాల్లో మునాఫ్ వచ్చీరాని ఇంగ్లీషులో ముసలామెకు కువైట్ ఎండల గురించి చెబుతున్నాడు.

"ఎప్పుడు చూసినావు?"

"మంగళవారం. పప్పు చేద్దామని చెయ్యి పెడితే తగిలింది. కవరు ఊడిపోతాంటే బ్యాండు ఏసినా."

"మళ్ల తీసుకోల్యా ఎందుకు?"

"నువ్వే ఇస్తావని చూసినా."

ఖైరున్‌బీ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగేళ్లు తాను ఎదురుచూసిన చూపు ఎట్లా ఉంటుందో ఆమె ఎప్పుడూ బయటి నుంచి చూడలేదు. కవరుకు అంటిన బేళ్ల పొడిని కొంగుతో తుడిచి పిల్ల చేతిలో పెట్టింది. పెట్టి, ఆ చేతి వేళ్లను తానే మూసింది.

"నీ దగ్గరే పెట్టుకో," అంది. "నేనడిగినా ఇయ్యొద్దు."