గుడారం లోపలి చెయ్యి

మా ఆయన నా కుడిచేతిని తలుపుసందులో పెట్టి మూశాడు. అదైనా ఎప్పటికో మర్చిపోతానేమో. ఆ వెంటనే నా వేళ్లు చూసి, "ఛీ, రేపు జాయింట్లు ఎవరేస్తారే?" అన్నాడు. ఆ మాటను మాత్రం చచ్చినా క్షమించను.

టీవీ కేబుల్ రోజుల్లో ఆయన స్తంభాలెక్కే మొనగాడు. ఇంటర్నెట్ ఫైబర్ వచ్చాక ఆ మొనగాడితనం పనికిరాలేదు. వెంట్రుకంత గాజుపోగు పైతొడుగు ఒలిచి, తుడిచి, కొన సమంగా తెంచి, మిషన్లో ఎదురెదురుగా పెట్టి అతికించాలి, అదే జాయింటు. ఆయన చేతిలో అది పుటుక్కున విరిగేది. విరిగినప్పుడల్లా పక్కన టార్చి పట్టుకున్న నా వీపు మోగేది. ఆ తన్నులు తప్పించుకోవడానికి ఒకరోజు నేనే వేశాను. అంతే, ఆ పనీ నా నెత్తిన పడింది. వంట, అంట్లు, అత్తగారి మందులు, ఆపైన నాలుగు వీధుల ఇంటర్నెట్టు. దుమ్ము పడకుండా రోడ్డు పక్కన చిన్న గుడారం వేస్తాం. లోపల నేను, బయట ఆయన. ఎవరైనా అడిగితే, "మా ఆవిడ. ఎండకి లోపల కూర్చుంది," అనేవాడు. విరిగిన గాజుముక్కలు అరికాళ్లలో దిగితే టేపు అంటించి పీక్కునేదాన్ని. "కాలు కుంటితే చేతులకేమొచ్చింది? పొయ్యి దగ్గరికి పద," అనేవారు అత్తగారు.

ఒకరోజు కంపెనీ ఇంజనీరు గుడారం పరదా ఎత్తాడు.

"ఇదేంటి వదినా, జాయింట్లు వేసేది మీరా! అన్న చెయ్యి బంగారమని మా ఆఫీసంతా చెప్పుకుంటున్నాం కదా!"

కూలీలు పగలబడి నవ్వారు. ఆయనా నవ్వాడు. ఇంటికొచ్చాక నవ్వలేదు. మిగిలిన కేబుల్ ముక్క అందుకున్నాడు. దాంట్లో ఇనుపతీగలుంటాయి, దెబ్బదెబ్బకీ తోలు చిట్లుతుంది. తర్వాత తలుపు. ముందుగదిలో అత్తగారు ఫోన్లో సీరియల్ సౌండు పెంచారు. అది వచ్చేది నేనతికించిన పోగులోంచే. "పదిమందిలో మొగాడి పరువు తీస్తే ముద్దులు పెట్టుకుంటాడా?" అన్నారు, తెరమీంచి కళ్లు తీయకుండా.

మర్నాడు పొద్దున్నే రోడ్డు తవ్వేవాళ్లు కేబుల్ తెంపేశారు. పన్నెండు పోగులు. ఉబ్బిన వేళ్లకు గుడ్డ చుట్టుకుని, కొన్నిటిని పళ్లతో పట్టుకుని పదకొండు అతికించాను. ఒక్కోదానికీ కళ్లు బైర్లు కమ్మాయి. అంతలో బయట ఇంజనీరు బండి ఆగింది. మా ఆయన గుడారంలోకి దూరి, ఆ దెబ్బతిన్న వేళ్లనే పట్టుకుని మెలితిప్పాడు.

"లే, బయటికి నడు. ఆఖరిది నేను వేస్తున్నట్టు కూర్చుంటా. నోరెత్తావో, రెండో చెయ్యి కూడా విరిచేస్తా."

ఈ చెయ్యి ఉన్నా ఆయనదే, విరిగినా ఆయనదే అన్నమాట. నాదెప్పుడు? ఎడమచేత్తో కత్తెర తీసుకుని పదకొండు పోగులూ తెంపేశాను. గుడారం కర్రను కాలితో తన్నాను. గుడ్డంతా పక్కకు కూలింది. ఎండ, జనం, ఇంజనీరు.

"వెయ్యండి," అన్నాను ఆయనతో గట్టిగా. "మొదట్నుంచీ వెయ్యండి. అందరం చూస్తాం."

ఆయన చేతిలో మొదటిది విరిగింది. రెండోదీ విరిగింది. మూడోది విరగగానే మిషను వదిలేసి నా మీదికి దూకాడు. జుట్టు పట్టి రోడ్డు మీదికి ఈడ్చి కడుపులో తన్నాడు. ఇంట్లో రోజూ పడే దెబ్బలే. ఇవాళ చూసేవాళ్లున్నారు.

"అన్నా, చచ్చిపోద్ది! వదులు!" కూలీలు ఆయన్ని వెనక్కి లాగారు. నెట్ రావట్లేదని పోట్లాడ్డానికొచ్చిన ఒకావిడ చెప్పు తీసి ఆయన వీపు వాయించింది.

"లేవండి వదినా, ఇంటి దగ్గర దింపుతా," అన్నాడు ఇంజనీరు.

"ఇంటికెందుకు? ముందు ఆసుపత్రికి. అట్నుంచి పోలీస్ స్టేషనుకి," అన్నాను, నోట్లో రక్తం ఉమ్మి.

ఆ గడప మళ్లీ తొక్కలేదు. కేసు నడుస్తోంది. నేను ఎడమచేత్తో జాయింట్లు వేయడం నేర్చుకుంటున్నాను. మొదట్లో నేనూ ఆయన్లాగే పోగులు విరగ్గొట్టాను. ఎవరూ నన్ను కొట్టలేదు. ఇక వంగవని డాక్టరు తేల్చినవి కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు. ఒక్కోదానికి పై రెండేసి కణుపులు.