రెండో అంకె

మా వదిన ఇమెల్డా గ్రిష్టీ పదేళ్ళు మంత్రిగా పనిచేసింది. ఊళ్ళో మాత్రం ఆమె ఎప్పుడూ కిరసనాయిలు వాళ్ళమ్మాయే. వాళ్ళ నాన్న బండి మీద కిరసనాయిలు అమ్మేవాడు. మాల్టాలో ఇంటిపేరు కంటే ఊరు పెట్టిన పేరే గట్టిది. రాజధాని వలెట్టాలో ఆఫీసు గుమ్మం దగ్గర పోలీసు సెల్యూట్ కొట్టేవాడు. ఊళ్ళో చేపల బండివాడు, "కిరసనాయిలమ్మా, నీకని మంచివి పక్కన పెట్టా, తీసుకెళ్ళు" అనేవాడు. వదినకు ఈ రెండోదే ఇష్టం.

మొదటిసారి ఎన్నికల్లో నిలబడినప్పుడు ఊళ్ళో మగవాళ్ళు చేరే బ్యాండు క్లబ్బులో మా అన్నయ్యను ఆటపట్టించారు.

"ఏం నార్దూ, ఇక వంట నువ్వేనా?"

"ఇప్పటిదాకా ఎవరనుకున్నారు?" అన్నాడు అన్నయ్య. అది నిజమే. వదిన చేసిన కుందేలు కూర కుక్కలు కూడా ఆలోచించి తినాలి.

మంత్రి అయ్యాక ఆమె చేసిన పెద్ద పని ఒకటుంది. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ ఇళ్ళకు ప్రభుత్వమే ఒక మనిషిని పంపుతుంది. ఇల్లు తుడుస్తారు, సరుకులు తెస్తారు, స్నానం చేయిస్తారు. వరస ప్రకారం వస్తుంది తప్ప సిఫారసు పనిచేయదు. మా దీవిలో ఇది ఎవరూ కనీ వినీ ఎరగనిది. సిఫారసుతో వచ్చినదాన్ని మావాళ్ళు ఏడు తరాలు గుర్తుపెట్టుకుంటారు. వరసలో వచ్చినదాన్ని వాన పడ్డట్టు అనుకుంటారు, వానకు ఎవరూ దండాలు పెట్టరు.

ఆ వరసలో వదిన తల్లి జ్యోవన్నా అత్తయ్య కూడా ఉంది. మోకాళ్ళు పట్టేసి మంచం దిగడమే కష్టమైనా, కూతురు ఆవిడను ఒక్క మెట్టు కూడా ముందుకు జరపలేదు. "మంత్రిని కన్నాను, చీపురు మాత్రం నేనే పడుతున్నాను" అని అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. చివరికి వంతు వచ్చింది. డాక్టరు సంతకం ఒక్కటే కావాలి. మా ఊరి డాక్టర్ లోన్జు వచ్చి, సంతకం చేసి, అత్తయ్య చెయ్యి నిమిరి, "ఇక మీకు మనిషి వస్తుందమ్మా, నేను చూసుకుంటాగా" అన్నాడు. తర్వాతి వారం మనిషి వచ్చింది. అంతే, ఆ పుణ్యం డాక్టరు ఖాతాలో పడిపోయింది.

"చెప్పొచ్చుగా వదినా, అది నీ పథకమని" అన్నాను.

"ఎవరు పంపారనుకుంటే ఏంటి మర్తీస్? ఇల్లు శుభ్రంగా ఉందిగా."

నాకు ఆమె మంచితనం మీద అప్పుడప్పుడూ ఒళ్ళు మండేది.

మూడోసారి ఎన్నికలు వచ్చేసరికి ఆ లోన్జు కూడా నిలబడ్డాడు, మా పార్టీ నుంచే, మా నియోజకవర్గంలోనే. మా దగ్గర ఓటంటే ముద్ర గుద్దడం కాదు, పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయడం. ముందు ఒకట్లు లెక్కపెడతారు. ఒకట్లు తక్కువ వచ్చినవాళ్ళను తీసేసి, వాళ్ళ కాగితాలను తర్వాతి అంకె ఉన్నవాళ్ళకు పంచుతారు. ఊరంతా నీకు రెండు వేసినా, ఒకట్లు చాలకపోతే ఆ రెళ్ళు లెక్కకొచ్చే దాకా నువ్వుండవు. కాబట్టి భయపడాల్సింది ఎదుటి పార్టీకి కాదు, నీ పక్కన నిలబడి ఫొటో దిగినవాడికి.

ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి ఇంట్లో కాఫీ, ఖర్జూరం పెట్టిన వేడి ఇమారెట్లు, ఆ తర్వాత ఒకటే మాట.

"నువ్వు గెలిచినట్టే అమ్మాయ్, నీకెందుకు దిగులు?" అంది బేకరీ చెట్టీనా. "పాపం ఆ డాక్టరే కొట్టుకుపోయేట్టున్నాడు. నిన్న వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"నీ ఒకటి ఎవరికి పిన్నీ?" అని నేను సూటిగా అడిగాను.

"అదేం ప్రశ్నే! ఇమెల్డా మన పిల్ల కాదూ?" అంటూ ఇంకో ఇమారెట్ నా నోట్లో కుక్కింది.

బయటికొచ్చాక అన్నాను: "వదినా, ఈ 'గెలిచినట్టే' నాకు నచ్చట్లేదు. 'నాకు ఒకటి కావాలి, లేకపోతే ఓడిపోతాను' అని అడుగు. నువ్వూ ఏడువు కాస్త."

"పదేళ్ళు పనిచేసి ఇప్పుడు ఏడవమంటావా?"

"ఆ సీటు పోతే నువ్వేం చేస్తావు?"

"ఆ పథకాన్ని కూడా సిఫారసుల పాలు చేస్తారు. నా భయమదే" అంది. అయినా తర్వాతి ఇంట్లోనూ అడగలేదు.

నషార్ ఊళ్ళో పెద్ద హాల్లో ఓట్ల లెక్కింపు. అద్దాల గోడకు ఇవతల పార్టీవాళ్ళు నిలబడి, తమవాళ్ళ ఓట్ల కట్ట కనిపిస్తే పిడికిళ్ళతో అద్దం బాదుతారు. లోన్జు కట్టలు పేరుకుంటుంటే, మా వార్డు ఏజెంటు బాదడం ఆపి నా వైపు తిరిగాడు.

"అన్నిట్లోనూ రెండు మీ వదినకే మర్తీస్. అన్నిట్లోనూ!" అన్నాడు, ఏడవాలో నవ్వాలో తెలియనట్టు.

ఆ రెళ్ళు ఎవరూ చదవలేదు. ఒకట్లు తక్కువై వదినను ముందే తీసేశారు. ఆమె కాగితాల మీద రెండు లోన్జుకు ఉంది. వాటితోనే అతను గెలిచాడు.

మర్నాడు పొద్దున్నే అత్తయ్య ఇంటికి వెళ్ళాం. ఆవిడ మంచంలో కూర్చుని, కూతురి తల ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది. ఊరిని తిట్టింది, పార్టీని తిట్టింది.

"నువ్వెవరికి వేశావమ్మా?" అంది వదిన, తల ఎత్తకుండానే.

"నీకే. రెండు."

"మరి ఒకటి?"

"డాక్టరుకి. నువ్వెలాగూ గెలుస్తావు కదా! పాపం అతను నాకు మనిషిని పంపాడు. నువ్వు పంపలేదుగా?" అంది అత్తయ్య. కూతురి మొహం చూసి కాబోలు, వెంటనే అంది: "నా ఒక్కదాని ఓటుతో ఓడిపోయావా ఏంటి?"

"లేదమ్మా" అంది వదిన.

నాకు నోరు ఊరుకోలేదు. "అత్తయ్యా, అసలా మనిషిని..." అన్నాను. వదిన నా వైపు చూసింది. పదేళ్ళలో ఎవరినీ అలా చూడగా నేను చూడలేదు. నోరు మూసుకున్నాను.

అప్పుడే తలుపు చప్పుడైంది.

"ఆ పిల్లే వచ్చింది. తియ్యవే" అంది అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ. "డాక్టరుగారికి నా దీవెనలు చెప్పమను."

వదిన లేచి తలుపు తీసింది. పనిపిల్ల ఆమెను చూసి గుమ్మంలోనే బిగుసుకుపోయింది.

"లోపలికి రా. డాక్టరుగారికి అమ్మ దీవెనలు చెప్పమంది" అంది వదిన.