ఇంగ్లీషు చదువుకు తాకట్టుపడ్డ ఇంజను

నేను ఒక పడవ ఇంజనుని. పోత ఇనుముగా ఏ కార్ఖానాలో పుట్టానో గుర్తులేదు గానీ, నేను బతికినదంతా కాకినాడ దాటాక వచ్చే ఒక మత్స్యకారుల పల్లెలో, సూరాడ ఎల్లాజీ పడవ మీద. నన్ను ఇంటికి తెచ్చిన రోజున అతని భార్య నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతిచ్చింది. కొత్తకోడలికి కూడా ఇంత మర్యాద జరగలేదని పక్కింటావిడ దెప్పింది.

నా ఖరీదు కట్టింది చేపల వ్యాపారి భద్రం. అందుకు బదులుగా ఎల్లాజీ వలలో పడ్డదంతా ఆయన చెప్పిన ధరకు ఆయనకే పోయాలి. ఏళ్లు పట్టింది ఆ బాకీ తీరడానికి. తీరిన రోజున ఎల్లాజీ నన్ను కిరసనాయిలుతో శుభ్రంగా కడిగి, తనవాణ్ణి చూసుకున్నట్టు చూసుకున్నాడు. ఆ సంతోషం ఒక్క వేసవి కూడా నిలవలేదు.

అతని కూతురు మరిడేశ్వరికి ఇంగ్లీషంటే పిచ్చి. రిపేరు కోసం నన్ను ఒడ్డున దింపినప్పుడల్లా నా పక్కనే కూర్చుని పాఠాలు పైకి చదివేది. ఎల్లాజీకీ నాకూ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా అతను వల కుట్టడం ఆపి మరీ వినేవాడు. ఇంటరు పాసయ్యాక ఆ పిల్ల విశాఖలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు డిగ్రీ చదువుతానంది.

"అది సదివితే ఏటవుతావే?" అన్నాడు ఎల్లాజీ.

"ఏదైనా అవ్వొచ్చు నాన్నా."

ఆ ఒక్క మాట పట్టుకుని అతను మర్నాడే భద్రం గుమ్మం ఎక్కాడు. "ఈసారి ఏం పెడతావు ఎల్లాజీ?" అని ఆయన అడిగితే, "ఇంజనుంది గదండీ" అన్నాడు. మూడు లక్షలు తెచ్చాడు. చదువుకున్నది మరిడేశ్వరి, తాకట్టు పడ్డది నేను. చేపలు మళ్లీ భద్రం పాలయ్యాయి.

ఆ మూడేళ్లూ మేం వేటకు పోని రోజు తక్కువ. తుపాను హెచ్చరిక జెండా ఎగరేసిన రోజున కూడా అతను నన్ను సముద్రంలోకి లాక్కుపోయాడు. కెరటం మీదపడి నేను దగ్గుతూ ఆగిపోతే, రెండు చేతులతో నన్ను పట్టుకుని, "ఆగకురా, పిల్ల ఫీజు కట్టాలిరా" అని బతిమాలాడు. ఎలా మళ్లీ రాజుకున్నానో నాకే తెలీదు.

డిగ్రీ వచ్చింది. పల్లెంతా మిఠాయి పంచారు. తర్వాతే కష్టం మొదలైంది. బడులవాళ్లు బి.ఎడ్. ఏదన్నారు, కంపెనీవాళ్లు కంప్యూటరు కోర్సేదన్నారు, ఫోన్లలో మాట్లాడే ఉద్యోగానికి వెళితే ఉచ్చారణలో సముద్రపు యాస వినబడుతోందన్నారు. చివరికి కాకినాడలో ఓ చిన్న బడి ఎనిమిది వేలిచ్చింది. ఓ సాయంత్రం మరిడేశ్వరి నా పక్కన ఇసుకలో కూలబడి పైకే లెక్క వేసుకుంది.

"బస్సులకి వెయ్యి పోతే ఏడు. భద్రంగారి వడ్డీ ఏడున్నర." చేతికంటిన ఇసుక దులుపుకుంది. "నేను ఏమీ తినకపోయినా చాలదు నాన్నా."

ఎల్లాజీ వల కుడుతూనే ఉన్నాడు. పని ఆగితే ఏడుస్తాడని నాకనిపించింది.

అప్పుడు భద్రమే కబురు పెట్టాడు. రొయ్యలు కొనే ఎగుమతి కంపెనీతో ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఇంగ్లీషులోనే, కంప్యూటర్లో. అవి చూసిపెడితే పన్నెండు వేలు, అదీ బాకీలో జమ. తండ్రి చేపలూ కూతురి ఇంగ్లీషూ ఒకే తక్కెడలోకి చేరాయి. "పిల్లకి నీడపట్టున పని దొరికింది" అని ఎల్లాజీ మురిశాడు.

ఆ నీడలోనే ఆమెకు ధరలు కనిపించాయి. భద్రం ఒడ్డున కిలో రెండొందల ఎనభైకి కొంటున్న రొయ్యకు కంపెనీ ఇచ్చేది ఆరొందల యాభై. కొన్నాళ్లు నోరు మూసుకుంది. ముఖం పీక్కుపోయింది. ఇంట్లో తల్లి అడిగితే కళ్లు మంటలంది.

ఓ ఉదయం మేం ఒడ్డుకు చేరేసరికి రొయ్యల తూకం మొదలైంది. "రెండొందల అరవై" అన్నాడు భద్రం మనిషి. ఎల్లాజీ చేతులు కట్టుకుని, "అంత తగ్గితే ఎలాగండీ" అన్నాడు. అటుగా ఆఫీసుకు వెళుతున్న మరిడేశ్వరి నిలబడిపోయింది.

"నిన్న ఇదే రొయ్య ఆరొందల యాభైకి పోయింది!" అని అరిచింది. "కాగితం నేనే రాశాను!"

ఒడ్డున ఉన్నవాళ్లంతా చుట్టూ మూగారు. తర్వాత గోల. ఆ రోజున ఎవరూ పాత ధరకు తూచనివ్వలేదు. వారం తిరక్కుండా భద్రం అందరికీ ధర పెంచాడు. పల్లె జనం మరిడేశ్వరిని మెచ్చుకున్నారు, దీవించారు. అయితే ఆమె ఉద్యోగం ఊడిన రోజునా, భద్రం మనుషులు నన్ను పడవ నుంచి విప్పుకుపోయిన రోజునా, ఎవరి ఇళ్లల్లో వాళ్లకు పనులున్నాయి. సాయంత్రం కాగానే మాత్రం ఒక్కొక్కరే వచ్చి, "పాపం" అని వెళ్లారు.

భద్రం నన్ను అమ్మలేదు, వాడలేదు. గోదాము గేటు దగ్గర అందరికీ కనబడేలా పడేశాడు. రెండు వానాకాలాలకు నా ఒళ్లంతా తుప్పు. వడ్డీ కింద ఎల్లాజీ ఆ గోదాములోనే మూటలు మోసే కూలీ అయ్యాడు. నన్ను పాతినుము వాడికి తూచే రోజున ఎత్తడానికి పిలిచిందీ అతన్నే. వెనకాల రొయ్యలు వలిచే షెడ్డుకు వెళుతూ మరిడేశ్వరి ఆగింది. బడివాళ్లు మళ్లీ తీసుకోలేదు మరి.

"నేను చదవకపోతే ఇంజను మిగిలేది కదా నాన్నా?"

ఎల్లాజీ అబద్ధం చెప్పలేదు. "మిగిలేదమ్మా." నా చుట్టూ తాడు బిగిస్తూ, "కానీ అప్పుడు నిన్ను రొయ్యల షెడ్డుకి పంపాల్సొచ్చేది" అన్నాడు.

"ఇప్పుడెళ్లేది అక్కడికే కదా."

ఎల్లాజీ వంగి, ఊపిరి బిగబట్టి, నన్ను కాటా మీదికి ఎత్తాడు. పాతినుము వాడు బరువు చదివి కిలోకి ఎంతో చెప్పాడు. తక్కువని అక్కడ ఎవరూ అరవలేదు.