దక్షిణపు గోడ

గడ్డపార రాతికి తగిలి ఠంగుమంది. గుర్నాథం గుంతలోకి తొంగిచూశాడు. ఎముక ముక్క కూడా లేదు.

తిరువళ్ళూరు పాత శ్మశానం ఉత్తరపు అంచు రోడ్డులో కలుస్తోంది. ఎమర్జెన్సీ రోజులు, కాదనే మనిషి లేడు. దొరల శిలువలు, తెలుగు అక్షరాలు చెక్కిన శెట్ల రాళ్ళు, పేరు లేని దిబ్బలు. వాటి మధ్య సున్నం గీత గీశారు. గీతకు ఉత్తరాన పూడ్చినవాళ్ళను వాళ్ళ బంధువులు ఈ పూటే తవ్వి తీసుకెళ్ళాలి. గుర్నాథం తండ్రి గుంత అటే పడింది. గీత సరిగ్గా దాని దక్షిణపు అంచున ఉంది.

గేటు దగ్గర బుల్డోజరు గర్జించింది.

గుర్నాథం గుంతలోకి దూకి, తవ్వుతున్న మునుస్వామి చొక్కా పట్టుకున్నాడు.

"మా నాయన యాడరా? మెళ్ళో వెండి లింగకాయతో పూడ్చినాం. అమ్ముకున్నావా?"

"అయ్యో సామీ! మా నాయన తవ్విన గుంత ఇది. చొక్కా వదులు. చిరిగితే నీ అంగట్లో ఇత్తడి చెంబులే గానీ గుడ్డలు లేవే!"

గుండీ తెగింది. అప్పుడే గుర్నాథం అక్క మీనాంబ, తిరుత్తణి బస్సు దిగి, రొప్పుతూ వచ్చింది. గుంత చూసి నెత్తి కొట్టుకుంది.

"ఏమిరా, నాయన్ను పండబెట్టినారనుకున్నావా?"

"మరి?"

"లింగం కట్టినోళ్ళు పండుకుంటారా? గుంత పక్కన గూడు తొలిచి, ఉత్తరానికి మొగం పెట్టి కూర్చోబెట్టినారు. అప్పుడు నువ్వు నా చంకలో ఉండావు. ఇప్పుడు మీ టౌనోళ్ళు అందర్నీ పండబెట్టేది నేర్చినారు, నీకేం తెలుస్తుంది!"

ముఖం ఉత్తరానికైతే గూడు దక్షిణపు గోడలో ఉండాలి. మునుస్వామి అటు తిరిగి తట్టాడు. మట్టి రాలి, మూతగా పెట్టిన రాతి పలక బయటపడింది. గుర్నాథం ఆత్రంగా దాన్ని పట్టుకున్నాడు.

"తాకొద్దు!" మీనాంబ అరిచింది. "పైకి చూడరా. గీత యాడుంది? నాయన యాడుండాడు?"

గుర్నాథం తల ఎత్తాడు. గూడు గీతకు దక్షిణాన ఉంది. రోడ్డుకు పోయేది ఖాళీ గుంతే.

బుల్డోజరు కదిలింది. గుర్నాథం, మునుస్వామి ఆదరాబాదరా గుంత పూడ్చి, నాయన పేరు చెక్కిన రాయిని గీతకు దక్షిణంగా జరిపారు. మునుస్వామి తెగిన గుండీ వెతుక్కుంటుంటే గుర్నాథం అతని ముఖం చూడలేకపోయాడు.

డ్రైవరు గీత దాటడని నమ్మకమేమిటి? గుర్నాథం వెళ్ళి గీత మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, ఉత్తరానికి ముఖం పెట్టి.

"లే సామీ," అన్నాడు మునుస్వామి. "నీకింకా టైముంది."

యంత్రం గీత పక్కనుంచి వెళ్ళిపోయేదాకా గుర్నాథం లేవలేదు.