ఓబుళేసు చెప్పిన మంచు

వజ్రకరూరు పక్కనున్న ఆ ఊళ్లో వాతావరణం గురించి మాట్లాడే హక్కు తనకొక్కడికే రాసిచ్చినట్టు ఉంటాడు ఓబుళేసు. గొర్రెల కాపరి, ఆకాశం కింద బతికేవాడు, కాదనలేం. కానీ ఆయన వానొస్తుందన్న రోజున ఊళ్లో ఆడవాళ్లు నిశ్చింతగా మిరపకాయలు ఎండబోసుకుంటారు. ఈమధ్య ఫోన్లో అక్షరాలు చదవలేకపోయినా బొమ్మలూ అంకెలూ పట్టి వాతావరణం చూడ్డం అలవాటయ్యాక ఆయనను పట్టడం మరీ కష్టమైపోయింది.

ఆ ఫోను నిజానికి భార్య తిప్పమ్మది. కూతురు భారతి సరిహద్దు దళంలో చేరి, మొదటి జీతంతో వాళ్లమ్మకు కొని పంపింది. ఆడపిల్లకు తుపాకీ ఏమిటని అప్పట్లో ఓబుళేసు ఇల్లు పైకప్పు లేచిపోయేలా అరిచాడు. "పోతే మళ్లా నాతో మాట్లాడాకు" అని కూడా అనేశాడు. పిల్ల పోయింది. శిక్షణ అయ్యాక ఎక్కడ వేశారో ఆయన అడగలేదు, తిప్పమ్మ చెప్పలేదు. కూతురు ఫోన్ చేసినప్పుడల్లా ఆయనకు గొర్రెల దొడ్లో ఏదో పని గుర్తొస్తుంది. మాట్లాడాలని ప్రాణం కొట్టుకుంటుంది, కానీ తానే ముందు నోరు తెరవడం నామోషీ. రోజులు గడిచేకొద్దీ ఆ నామోషీ కాస్తా భయమైంది. ఇన్నాళ్ల తర్వాత ఏమని మొదలుపెట్టాలి?

ఆ రోజు గొర్రెల బొచ్చు కత్తిరించాలి. ఒకరి మందకు ఒకరు సాయం పోయే పని అది, వచ్చినవాళ్లకు కడుపునిండా పెట్టడం మర్యాద. పక్క మంద కాపరి కొండప్ప తన మనుషులతో, కత్తెరలతో పొద్దున్నే దిగాడు. తిప్పమ్మ పొయ్యి మీద సంగటికి ఎసరు పెట్టింది. మొదటి గొర్రెను పడుకోబెట్టి కాళ్లు కట్టారో లేదో, ఓబుళేసు ఫోను పట్టుకుని పరుగున వచ్చాడు.

"ఆపండప్పా! రాత్రికి మంచు పడతాదంట. గాలి గూడా. తొమ్మిది ముందర మైనస్ గీత ఉండాది చూడు! ఇప్పుడు బొచ్చు తీస్తే ఒక్క జీవం మిగల్దు."

కొండప్ప మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "మంచా? వానే పడని ఈ నేల మీద మంచు పడతాదా?"

"ఫోను అబద్ధం చెప్తాదా?"

"ఫోను చెప్పదులే అన్నా. చూసినోడి మీదే నా అనుమానం."

ఎంత చెప్పినా ఓబుళేసు వినలేదు. కత్తిరించకపోయినా సంగటి మాత్రం మిగల్చకుండా తిని, మంచు పడితే తమకూ రొంత ఎత్తిపెట్టమని చెప్పి వాళ్లు వెళ్లిపోయారు.

ఓబుళేసు శనక్కాయల గోతాలన్నీ దులిపి, గొర్రె తర్వాత గొర్రెకు వీపున కప్పి పొట్ట కింద తాళ్లతో కట్టాడు. తిప్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"ఏమ్మే, నగుతాండావు? ఆ చలికి గొర్రెలే కాదు, మనిషే కొయ్యబారిపోతాడు."

"మనిషి గూడానా?"

"ఎముకల్లోకి దిగతాదే! పట్టించుకునేటోళ్లు లేకుంటే పానమే పోతాది."

తిప్పమ్మ నవ్వు ఆగిపోయింది. ఆమె కూడా ఒక గోతం అందుకుంది.

మర్నాడు ఎండ చురుక్కుమంది. గోతాల కింద గొర్రెలు ఆయాసపడుతున్నాయి. ఒక పొట్టేలు తాడు తెంపుకుని, గోతం ఈడ్చుకుంటూ వీధి చివరి దాకా పోయి ఊరందరికీ సంగతి చాటింది. చూసిపోదామని వచ్చినవాళ్లతో వాకిలి నిండిపోయింది.

"మంచు అంతా కరిగిపోయినట్టుండాదే అన్నా!" అన్నాడు కొండప్ప.

ఓబుళేసు ఉక్రోషంగా ఫోను తీసి లహరి చేతిలో పెట్టాడు. లహరి పక్కింటి పిల్ల, పశువుల ఆస్పత్రిలో పనిచేస్తుంది. "నువ్వే చదివి చెప్పు పాపా, వీళ్లకు!"

లహరి ఒకసారి తిప్పమ్మ వైపు చూసింది. "మామా, ఇది మన ఊరు కాదు. కాశ్మీరంలో కుప్వారా. మన భారతి ఉండే తావు. అత్త అడిగితే నేనే పెట్టిచ్చినా."

వాకిలంతా గొల్లున నవ్వింది. ఓబుళేసు మాత్రం భార్య వైపు తిరిగాడు. "నాకు ఎందుకు చెప్పలే?"

"బిడ్డ యాడుండాదని నువ్వు ఒక్కసారన్నా అడిగితే గదా. నిన్న పొద్దంతా దాని చలికే భయపడితివి. భయపడనీలే అని ఊరుకున్నా."

ఆయనకు కోపం రాలేదు. అబద్ధమనుకున్న చలి అబద్ధం కాదు, ఆ గాలి, ఆ మంచు అన్నీ నిజమే, పడేది మాత్రం తన బిడ్డ మీద. గొర్రెలకు కప్పినంత కూడా తాను బిడ్డకు కప్పలేదు. ఫోను తిప్పమ్మ ముందు పెట్టి, కలపమన్నట్టు గడ్డం ఎత్తాడు.

"అమ్మా!" అంది అవతల భారతి. "అమ్మా, వినపడతాందా?"

"అమ్మ కాదు."

వాకిట్లో నవ్వులు ఆగిపోయాయి. ఓబుళేసు గొంతు సవరించుకున్నాడు. "రాత్రి ఆడ మంచు పడినట్టుండాదే. కాళ్లకు మందం మేజోళ్లు ఏసుకుంటాండావా?"

"ఏసుకుంటాండా నాయనా," అంది భారతి. "మంచు పడిందని నీకెట్ల తెలుసు?"

"దినామూ చూస్తానే ఉండా," అన్నాడు ఓబుళేసు.

కొండప్ప నోరు తెరవబోయాడు. తిప్పమ్మ ఒక్క చూపు చూసేసరికి మూసుకున్నాడు.